ఎవరి నెత్తురో రాసి పంపు

జనవరి 9

అన్నయ్యా,

బాగున్నావా అని అడగను. అడిగితే నువ్వు రెండు పేజీలు ప్రసంగం రాస్తావు, నాకు చదివే తీరిక లేదు. నిన్న ఫోను చేస్తే "మాట గాలికి పోతుంది, కాగితం మీద పెట్టు" అని పెట్టేశావు. ఇదిగో పెడుతున్నాను.

నీ కూతురు పిచ్చుక న్యుమోనియాతో మా ఆసుపత్రిలో పడటం ఇది మూడోసారి. మీ పక్కింటి టైలరమ్మ బస్సులో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. నువ్వు రాలేదు. నీ సంఘంలో ఉపవాస కూడిక ఉందన్నావట.

నా పని నీకు తెలుసు. నెత్తుటి చుక్క గాజుపలక మీద పరిచి, రంగేసి, కణాలు లెక్కపెట్టడం. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే కిటికీ. పిచ్చుక స్లైడు పెట్టి ఎంత వెతికినా తెల్లకణాలు రెండే కనబడ్డాయి. పరికరం చెడిందేమోనని నా నెత్తురే తీసి చూసుకున్నాను, బాగానే ఉంది. అప్పుడు మా పెద్ద డాక్టరు పిల్ల మూలుగ తీయించాడు. ఎముక లోపల చూస్తే ఇసుక వేస్తే రాలనంత మంది! అందరూ ఇంట్లోనే ఉన్నారు, ఒక్కడూ గడప దాటడం లేదు.

మోటార్లు బాగుచేసేవాడివి, నీకు తెలిసిన పనిముట్లతో చెబుతాను. ప్రతి తెల్లకణం ఒంటి మీదా కాలింగ్ బెల్లులాంటిది ఉంటుంది. మా పుస్తకాల్లో దాన్ని కీమోకైన్ రిసెప్టర్ అంటారు. ఒంట్లో ఒక్కో చోటు నుంచి ఒక్కో రసాయనం పిలుస్తుంది, బెల్లు మోగుతుంది, కణం అటు నడుస్తుంది. గాయమైన చోటు పిలిస్తే గాయం దగ్గరికి, ఎముక పిలిస్తే ఇంటికి. మనందరిలో ఆ ఇంటి బెల్లు కాసేపు మోగి ఆగిపోతుంది, కణాలు బయటికి పనికి వెళ్తాయి. పిచ్చుక కణాల్లో ఆ బెల్లు తోక తెగి పుట్టింది. ఒకసారి నొక్కితే ఇక ఆగదు. ఊపిరితిత్తులు తగలబడుతున్నా సైన్యానికి ఇంటి పిలుపే వినిపిస్తుంది. చేతుల నిండా ఆ పులిపిర్లు కూడా అందుకే. వాటిని అదుపు చేసేవాళ్ళు బయట సరిపోను లేరు.

ఇది పుట్టుకతో వచ్చేది, తల్లి నుంచో తండ్రి నుంచో. ఆ బెల్లుని మూసే క్యాప్సూల్ ఒకటి తయారైంది. దుకాణాల్లోకి ఇంకా రాలేదు, పరిశోధనలో చేరినవాళ్ళకే ఇస్తున్నారు. ఉత్తుత్తి మాత్రలు కలిపే పరిశోధన కాదు, చేరిన ప్రతివాళ్ళకీ అసలు మందే. ఫిబ్రవరి ఆఖరులోగా పేరివ్వాలి. కోర్టు పిల్లని నీ చేతిలో పెట్టింది కాబట్టి నీ సంతకమే చెల్లుతుంది, వదినది చెల్లదు. పరీక్షకి నీ నెత్తురు, వదిన నెత్తురు కూడా కావాలి.

సంతకం పెట్టు అన్నయ్యా. ఇంకొక న్యుమోనియా పిల్ల తట్టుకోదు.

నీ చెల్లి


జనవరి 17

ప్రభువు నన్ను నిలబెట్టిన చోటి నుంచి, నిలబడలేక పారిపోయిన చెల్లికి,

నా బిడ్డ ఎముకలో సూది దింపడానికి నీకెవరిచ్చారు అధికారం? టైలరమ్మ ఇచ్చిందా? చొక్కాకే కొలత సరిగా తీయలేని మనిషి, నా ఇంటి మీద పెత్తనం!

నువ్వు గాజుపలకల మీద చూసేది ఒక చుక్క. నేను చూసేది మొత్తం మనిషిని. పాత ధర్మశాస్త్రంలో చర్మం మీద మచ్చ లేస్తే యాజకుడు చూసేవాడు. ఏడు రోజులు గదిలో ఉంచి మళ్ళీ చూసేవాడు. నేను పదకొండేళ్ళు చూశాను. పిల్లకి నాలుగేళ్ళప్పుడు మొదటి పులిపిరి లేచింది, ఆనాడే దాని తల్లిని అడిగాను, నీ వంశంలో ఏముందో చెప్పమని. ఏడ్చిందే తప్ప నోరు విప్పలేదు. ఏడుపు జవాబు కాదు. నాలుగేళ్ళ కిందట గుమ్మం దాటించాను. ఇవాళ నువ్వే ఒప్పుకుంటున్నావు, ఇది కన్నవాళ్ళ నెత్తుట్లోంచి వస్తుందని. చూశావా, నీ మైక్రోస్కోపు ఇన్నాళ్ళకి వాక్యాన్ని అందుకుంది.

బెల్లు సంగతి నాకర్థమైంది. పెద్ద విషయమేం కాదు. కాంటాక్టు అతుక్కుపోయింది. స్టార్టరులో కాంటాక్టు అతుక్కుపోతే మోటారు ఆగదు, తిరిగి తిరిగి వైండింగు కాలిపోతుంది. రోజుకి రెండొస్తాయి నా బల్ల మీదకి. నీ మందు ఆ కాంటాక్టుల మధ్య కాగితం ముక్క పెట్టడమే కదా. సరే. కానీ కాంటాక్టు ఊరికే అతుక్కోదు. ఎవరో పరిమితి మీరిన లోడు పెట్టి ఉంటారు. ఎవరు పెట్టారు? నాకు కావలసింది అది.

కాబట్టి విను. నా నెత్తురు ఇక్కడి కాంపౌండరు చేత తీయించి పంపుతున్నాను. ఆమెది నువ్వు తీసుకో, ఎక్కడుందో నీకు తెలియకుండా ఉండదు. పరీక్ష చేసి, ఎవరి నెత్తురో రాసి పంపు. నీ చేత్తో రాయి. ముద్ర గుద్దిన కాగితాలు నాకొద్దు, కంప్యూటరు ఎవడేది పెడితే అది కక్కుతుంది. నీకు అక్షరాలు దిద్దించింది నేను. ఆ రాత నాకు అబద్ధం చెప్పదు. ఆ కాగితం సంఘం ముందు చదువుతాను. చదివాకే సంతకం.

బిడ్డ ప్రాణంతో బేరమా అంటావు. అను. రోగం మూలం తెలియకుండా మందు వేయడం, కాలిన తీగ తీయకుండా కొత్త తీగ చుట్టడం లాంటిది. నేనా పని చేయను.

సత్యమందు నీ అన్న


ఫిబ్రవరి 6

అన్నయ్యా,

నీ ఉత్తరంలో తిట్లు తీసేస్తే అర పేజీ మిగిలింది. ఆ అర పేజీకే జవాబు.

ముగ్గురి నెత్తురూ పక్కపక్కన పెట్టి చూశాం. ఆగని బెల్లు వదిన నుంచి వచ్చింది. నీలో లేదు.

అడిగినట్టే నా చేత్తో రాశాను. చదవాలంటే చదువు. ఒక్కసారి చదువు, చాలు. పిల్లని ఆ రోజు మందిరానికి తీసుకెళ్ళకు.

అనుమతి పత్రం జత చేశాను. గుర్తు పెట్టినచోట మూడు సంతకాలు.

నీ చెల్లి


ఫిబ్రవరి 16

చెల్లీ,

నిజం రాసిన చేతికి దీవెన! ఇరవై ఏళ్ళ తర్వాత నిన్ను నా చెల్లెలని చెప్పుకోవడానికి నాకు నోరొచ్చింది.

చదివాను. రెండుసార్లు చదివాను, వెనక వరసలవాళ్ళకి ఫ్యాన్ల హోరులో వినపడలేదంటే. ఎవరు చెప్పారో, ఆమె వచ్చింది! చిట్టచివరి కుర్చీ వెనక, తలుపుకి ఆనుకుని నిలబడింది. నాలుగేళ్ళ తర్వాత అదే చూడటం. చిక్కిపోయింది. దేవుని చేయి పడితే అంతే.

నేను వదల్లేదు. ఉత్తరం ఎత్తి పట్టుకుని అడిగాను, "ఇది నిజమా?" అని. మందిరం అంతా వెనక్కి తిరిగింది. "నిజమే" అంది. "గట్టిగా చెప్పు" అన్నాను. "నిజమే, నాదే. సంతకం పెట్టండి" అంది. ఒక్క కన్నీటి చుక్క లేదు. అంత రాయి గుండె! ఆమె పక్కన కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కుర్చీలు ఈడ్చుకుని జరిగారు. ఆ కుర్చీల చప్పుడు నా ప్రసంగానికి ఆమెన్‌లా ఉంది.

పిచ్చుక లేచి నిలబడింది. తల్లి వైపు పోబోతే భుజం పట్టి కూర్చోబెట్టాను. పిల్లని తేవద్దన్నావు. తేకపోతే ఎలా? ఎవరివల్ల తన చేతులు ఇలా అయ్యాయో పిల్లకి తెలియొద్దా?

మూడు సంతకాలూ పెట్టాను. మాట తప్పేవాణ్ణి కాదు. క్యాప్సూల్ పంపు. సిరియా సేనాధిపతికి చర్మం బాగవడానికి నదిలో ఏడు మునకలు చాలాయి. మనకి ఎన్ని సీసాలో చూద్దాం.

నీ అన్న


మే 20

అన్నయ్యా,

ఈసారి మంచి కబురు. మొదటి పరీక్షలో పిచ్చుక నెత్తుట్లో న్యూట్రోఫిల్స్, అంటే క్రిముల మీదికి ముందు వెళ్ళే తెల్లకణాలు, రెండు వందలు. నిన్న పదకొండు వందలు! ఇంట్లో కూర్చున్న సైన్యం బయల్దేరింది. స్లైడు చూస్తూ చూస్తూ నేను గట్టిగా నవ్వానట, పక్క బల్ల అమ్మాయి "ఏమైంది అక్కా, ఎవరైనా పడ్డారా?" అని అడిగింది. మా పెద్ద డాక్టరు ఎవరి మొహమూ చూడకుండా మాట్లాడే మనిషి, ఆయన కూడా పిల్ల చేతులు తిప్పి తిప్పి చూసి "ఎండుతున్నాయి, బొటనవేలు దగ్గర రాలిపోయాయి" అన్నాడు.

మందు జాగ్రత్తలు మళ్ళీ రాస్తున్నాను. పొద్దున లేవగానే పరగడుపున, నీళ్ళతో. ఒక్క పూట కూడా తప్పొద్దు. ఈ మందు ఆ తెగిన తోకని అతికించదు, బెల్లు మీద చెయ్యి పెట్టి ఉంచుతుంది అంతే. చెయ్యి తీస్తే మళ్ళీ మోగుతుంది. పదకొండు వందలంటే కూడా మామూలు పిల్లల కన్నా తక్కువే. టైలరమ్మ చెప్పింది, ప్రతి ఆదివారం పిల్లని వేదిక ఎక్కించి చేతులు చూపిస్తున్నావట, దగ్గేవాళ్ళూ తుమ్మేవాళ్ళూ వచ్చి ముట్టుకుంటున్నారట. దయచేసి మానెయ్యి.

వదిన ఒక స్వెట్టరు అల్లి పంపింది, అందిందా?

ఇంకో మాట. నీ వేళ్ళు ఎలా ఉన్నాయి? ఆ దగ్గు తగ్గిందా? ఊరికే అడుగుతున్నాను.

నీ చెల్లి


జూన్ 8

చెల్లీ,

పదకొండు వందలు అన్నావు. ఆ ఆదివారం మందిరంలో కూర్చున్నవాళ్ళు నూట పది. ఇంతకు ముందు నలభై దాటేవాళ్ళు కాదు. మెట్ల మీద కూడా నిలబడ్డారు. పిల్ల చేతులెత్తితే జనం ఊపిరి బిగబట్టారు. దీన్ని మానేయమంటావు! దీపం వెలిగించి బుట్ట కింద పెట్టమంటావు!

నువ్వు క్యాప్సూల్ అంటావు, నేను కారణం అంటాను. ఆమెని అందరి ముందూ తేల్చి చెప్పిన నెలలోనే ఎందుకు రాలాయి పులిపిర్లు? మందు పనిముట్టు. స్క్రూ డ్రైవరు మోటారు బాగుచేసిందని ఎవడైనా అంటాడా?

స్వెట్టరు అందింది. నూలు మంచిది. వార్నిష్ తుడవడానికి పనికొచ్చింది. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ముట్టింది.

నా వేళ్ళ గొడవ నీకెందుకు? ఇరవై ఏళ్ళు రాగి తీగ చుట్టి, వార్నిష్‌లో ముంచి తీసే చేతులకి గడ్డలు లేవకుండా ఉంటాయా? గ్లవ్స్ వేసుకుంటున్నాను. దగ్గు కూడా ఆ పొగ వల్లే. నన్ను రోగిని చేయాలని నీకు ఉబలాటంగా ఉన్నట్టుంది.

మొన్న ఎవరో గుమ్మం ముందు ఒక పంపు మోటారు దింపి వెళ్ళారు. విప్పితే లోపల ఎలుక గూడు, పిల్లలతో సహా. తల్లి ఎలుక పారిపోయింది. తల్లులంటే అంతే.

నీ అన్న


ఆగస్టు 4

అన్నయ్యా,

కూర్చుని చదువు. చుట్టూ ఎవరూ లేనప్పుడు చదువు.

ఆరు నెలల పరిశోధన ఈ నెలతో అయిపోతోంది. బాగుపడినవాళ్ళకి మందు కొనసాగిస్తారు. దానికి కొత్త అనుమతి పత్రం కావాలి. ఈసారి నియమం మారింది. కుటుంబ పరీక్షల ఫలితం అచ్చులో జతచేసి, అది చదివానని కూడా నువ్వు సంతకం పెట్టాలి. ఆ అచ్చు కాగితం ఈ కవరులోనే ఉంది. చూసే ఉంటావు.

అవును. నీ నుంచి వచ్చింది. వదినలో లేదు.

ఫిబ్రవరిలో ఫలితం రాగానే వదిన దగ్గరికి వెళ్ళాను. నాలుగేళ్ళుగా నాతోనే ఉంటోంది, మా వార్డులో దుప్పట్లు కుట్టే పని చేస్తోంది. ఆ సంగతి కూడా నీకు రాయలేదు. "వదినా, నువ్వు నిర్దోషివి" అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. సూది బల్ల మీద పెట్టి, "ఆయనదని చెబితే సంతకం పెడతాడా?" అని అడిగింది. నువ్వు పెట్టవని ఇద్దరికీ తెలుసు. "అయితే నాదని రాయి" అంది. రాశాను. నువ్వు దిద్దించిన అక్షరాలతోనే రాశాను. నువ్వు చదువుతున్నప్పుడు మధ్యలో భయపడి నేనేమైనా బయటపెడతానేమోనని, తనే వచ్చి మీ తలుపు దగ్గర నిలబడింది. "నిజమే, నాదే" అన్నప్పుడు ఆమె కంట్లో నీళ్ళు లేవని రాశావు. బస్సు దిగి నా దగ్గరికొచ్చాక వచ్చాయి, నాలుగు రోజులు ఆగలేదు.

నీ వేళ్ళ గడ్డలు వార్నిష్ వల్ల కాదు. నువ్వు వైండింగు నేర్చుకోకముందే, నీ పన్నెండో ఏట, అమ్మ వాటిని యాసిడ్ పెట్టి కాల్చింది. నీ చెయ్యి పట్టుకుని కూర్చున్నది నేను. నీకు అది కాస్త తక్కువగా ఉంది కాబట్టి బతికావు, పిల్లకి ఎక్కువగా వచ్చింది. ఎవరి తప్పూ కాదు, మీరిన లోడు ఎవరూ పెట్టలేదు. జన్యువులో ఒక్క అక్షరం తేడా పడిందంతే, ఎవరూ రాయని చోట.

అబద్ధమాడినందుకు నన్ను ఎంతైనా తిట్టు. సంతకం పెట్టాక తిట్టు. సీసా ఆగస్టు ఇరవై ఏడుతో అయిపోతుంది.

నీ చెల్లి


ఆగస్టు 12

నా చెల్లెలు అనిపించుకున్న మనిషికి,

ఫిబ్రవరిలో నీ చెయ్యి ఒకటి రాసింది. ఆగస్టులో ఇంకొకటి రాసింది. ఏది అబద్ధమాడిందో నేనెలా తెలుసుకోను? అబద్ధమాడానని చెప్పేవాడి మాట నమ్మితే, నమ్మేవాడు వెర్రివాడు.

నాకంతా తెలిసిపోయింది. ఆమె నీ ఇంట్లోనే ఉంది. నాలుగేళ్ళు! పాముని పాలతో పెంచుతూ నాకు క్షేమ సమాచారాలు రాశావు. ఇద్దరూ కూర్చుని కట్టిన కథ ఇది. నేను ఈ అచ్చు కాగితం మీద సంతకం పెడతాను, దాన్ని పట్టుకుని ఆమె కోర్టుకి పోతుంది, పిల్లని లాక్కుంటుంది. నూట పది మంది ముందు నా బోధ అబద్ధమవుతుంది. ఎంత చక్కగా అల్లారు! స్వెట్టరు కన్నా బాగా అల్లారు.

అమ్మ యాసిడ్ పెట్టిందట. నాకు గుర్తు లేదు.

నేను మీ దగ్గర తేల్చుకోను, పై కోర్టులోనే తేల్చుకుంటాను. గ్రంథంలో ఒకడు యుద్ధానికి ముందు నేల మీద ఉన్ని పరిచాడు. పొద్దున్నే ఉన్ని మాత్రం తడిసి నేల పొడిగా ఉంటే దేవుని మాట నమ్ముతానన్నాడు. దేవుడు కోపగించలేదు, జవాబిచ్చాడు. నేను నా బిడ్డని పరుస్తున్నాను. సీసా ఇరవై ఏడున అయిపోతుంది. అవనీ. మందు లేకుండా ఒక నెల. పిల్ల నిలబడితే నా నెత్తురు శుద్ధమైనది, నీ అచ్చు కాగితం చెత్త. పడితే, అప్పుడు చూద్దాం.

పిల్లకి చెప్పాను. "సరే నాన్నా" అంది. నీకన్నా దానికి విశ్వాసం ఎక్కువ.

న్యాయాధిపతి ఎదుట,
నీ అన్న


ఆగస్టు 17

అన్నయ్యా,

ఆ ఉన్నికి జ్వరం రాదు. ఊపిరితిత్తులు లేవు. చెవులు లేవు.

మందు ఆపిన మూడు నాలుగు రోజుల్లో కణాలన్నీ ఎముకలోకి తిరిగి వెళ్ళిపోతాయి. దీనికి పరీక్ష అక్కర్లేదు, నేను చూసినవాళ్ళందరిలో అలాగే జరిగింది. నువ్వు దేవుణ్ణి ప్రశ్న అడుగుతున్నానని అనుకుంటున్నావు. జవాబు ఎప్పుడో అచ్చయి నీ బల్ల మీద ఉంది, నీకు నచ్చలేదు.

కోర్టుకి వెళ్ళాం. వాయిదా అక్టోబరులో పడింది. పిల్ల రోగానికి ఆ వాయిదా తెలియదు.

వదిన చెప్పమన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మళ్ళీ వచ్చి నిలబడతాను. ప్రతి ఆదివారం రమ్మన్నా వస్తాను. ఎన్నిసార్లంటే అన్నిసార్లు నాదేనని చెబుతాను. ఆ అచ్చు కాగితం ఎవరికీ చూపించొద్దు. సంతకం పెట్టి మడిచి పంపమను, సంఘం ఆయనకే ఉండనీ."

నేనైతే ఇంత మంచిదాన్ని కాదు. ఆ పిల్లకి ఏమైనా అయితే, నీ నూట పది మంది ముందు నీ గ్లవ్స్ నేనే లాగుతాను.

చెల్లి


సెప్టెంబరు 14

చెల్లీ,

నువ్వు నన్ను ఇంత తక్కువగా అంచనా వేశావు. మడిచి పంపమంటావా? దొంగలాగా? నేను చీకట్లో సంతకాలు పెట్టేవాణ్ణి కాదు.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. బుధవారం కాంపౌండరు దగ్గరికి వెళ్ళి, ఎవరికీ చెప్పకుండా నా నెత్తురు ఇచ్చాను. ఆ కణాలు ఆరు వందలున్నాయి. మామూలుగా ఎన్నుండాలని అడిగాను. రెండు వేలకి తగ్గకూడదన్నాడు. "మీరెలా నడుస్తున్నారండీ?" అని నా మొహం వింతగా చూశాడు. ఇంటికొచ్చి గ్లవ్స్ విప్పాను. చాలాసేపు చూసుకున్నాను. యాసిడ్ వాసన గుర్తొచ్చింది. అమ్మ చీర కొంగు నా నోట్లో కుక్కింది, అరవకుండా. అదీ గుర్తొచ్చింది.

మూడు రోజులు నేల మీద పడి ఉన్నాను. నిన్న ఆదివారం లేచి మందిరానికి వెళ్ళాను. పిచ్చుకని ముందు వరసలో కూర్చోబెట్టాను. నీ అచ్చు కాగితం తీసి చదివాను. నా నోటితో, నా మందిరంలో, "ఇది ఆమెది కాదు. ఆమెలో ఏ దోషమూ లేదు. ఇది నాది, నా నుంచి నా బిడ్డకి వచ్చింది" అన్నాను. చేతులెత్తి గడ్డలు చూపించాను.

తర్వాత మన సంఘపెద్ద, గడియారాల రిపేరాయన, లేచాడు. "చూశారా!" అన్నాడు. "చూశారా, భార్య దోషాన్ని తన నెత్తిన ఎలా వేసుకుంటున్నాడో! ఆమె మచ్చలు తన చేతుల మీదికి తెచ్చుకున్నాడు!" అంటూ బావురుమన్నాడు. అంతే. మందిరం మందిరమంతా ఒక్కసారి ఏడుపు. నా కాళ్ళ మీద పడ్డారు. నా చేతులు ముద్దు పెట్టుకున్నారు. అందరి పాపాలూ మోసుకుని అరణ్యంలోకి వెళ్ళిన మేకపోతు నేనేనట.

కాదని చెప్పడానికి చెయ్యెత్తాను, నిజం. చెయ్యెత్తితే ఆశీర్వాదం అనుకుని తలలు వంచారు. వంచిన తలలకి ఏం చెప్పను? ఆశీర్వదించాను. పాట అందుకున్నారు. నేనూ పాడాను.

ఆలోచించు, నేను నిజమే చెప్పాను. వినేవాళ్ళు ఎలా వింటే ఆ బాధ్యత నాదా? సాక్షి పని చెప్పడం వరకే. మీ వదినతో చెప్పు, నా వంతు నేను చేశానని.

పిచ్చుక ఆ రెండు గంటలూ నా మీంచి చూపు తిప్పలేదు. రెప్ప వేయకుండా చూసింది. తండ్రి తగ్గించుకోవడం చూసిన బిడ్డ, ఇక జీవితాంతం మరవదు.

సంతకాలు పెట్టి పత్రం జత చేశాను. సీసా వెంటనే పంపు. పిల్లకి పోయిన సోమవారం నుంచి కాస్త జ్వరం, చెవుల్లోంచి చీము కారుతోంది, దూది పెట్టాం. ఈ మధ్య పొగరు కూడా వచ్చింది, మూడుసార్లు పిలిస్తేగానీ పలకడం లేదు. తల్లి పోలిక.

తగ్గించుకున్నవాడు,
నీ అన్న


సెప్టెంబరు 21

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి పిచ్చుక మా వార్డులో ఉంది. మంగళవారం టైలరమ్మ తీసుకొచ్చింది. నువ్వు దుకాణంలో జనంతో మాట్లాడుతున్నావట, పిలిస్తే ఒక్క నిమిషం అన్నావట.

నీ సంతకం చెల్లింది. గురువారం నుంచి మందు మొదలైంది. బతుకుతుంది. వచ్చిన రోజు కణాలు నూట యాభై, ఇవాళ నాలుగు వందలు. చీము లోపలి చెవిదాకా పాకింది. చెవి డాక్టరు రెండుసార్లు చూశాడు. కుడి చెవి పూర్తిగా పోయింది, ఇక రాదు. ఎడమ చెవిలో ముందు ముందు ఏమైనా మిగులుతుందేమో ఇప్పుడే చెప్పలేనన్నాడు. పిల్లకి పొగరు రాలేదు అన్నయ్యా.

మేము ఏం చెప్పాలన్నా పలక మీద రాసి చూపిస్తున్నాం. వదిన మంచం పక్కనే ఉంటోంది. నువ్వు చేశానన్న నీ వంతు సంగతి చెప్పాను. విని, దుప్పటి సర్ది, "సెలైన్ సీసా మార్చాలి, నర్సుని పిలువు" అంది.

నీ పేరు కూడా పరిశోధనలో రాయించవచ్చు, నీకూ ఆ మందు పనిచేస్తుంది. పత్రం పంపమంటే పంపుతాను. అందులో ఇంట్లో ఇంకెవరికి ఈ రోగం ఉందో, అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో రాసే గడి ఒకటి ఉంది. దాన్ని నువ్వే నింపాలి.

నీ ఉత్తరం నా చేతిలో చూసి పిచ్చుక అడిగింది. ఇవ్వనన్నాను. లాక్కుంది. మొత్తం చదివింది, నీ మీంచి చూపు తిప్పలేదని రాసిన చోట వేలు పెట్టి ఆగింది. తర్వాత పెన్ను అడిగింది. కింద రాసింది తనే. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

చెల్లి

నాన్నా, ఆ ఆదివారానికి నాకు అప్పటికే ఏమీ వినపడటం లేదు. మీరేం చెబుతున్నారో తెలియక మీ మొహమే చూస్తూ కూర్చున్నాను. మొదట మీరు భయపడ్డారు. తర్వాత వాళ్ళంతా మీ కాళ్ళ మీద పడ్డప్పుడు, మీకు చాలా సంతోషం వేసింది.